చేత్తో బొమ్మలు వేసిన పాత ఇంగ్లిష్ పింగాణీ కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: కొంతకాలంగా ఇంగ్లండులో ఉంటున్నాను. మొన్న ఒక యాంటిక్ ఫెయిర్‌లో నీలం పొలుసుల డిజైన్ మధ్య పూల బొమ్మలున్న కప్పు, సాసరు చూశాను. "వూస్టర్, 1770 ప్రాంతం, చేత్తో వేసినది" అని చీటీ ఉంది. ధర 180 పౌండ్లు. అడుగున నీలం రంగు చతురస్రపు ముద్ర కూడా ఉంది. నిజమైనదేనా? ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వాటిలో తినొచ్చా? మా అమ్మ బోన్ చైనాని ఇంట్లోకి రానివ్వదు, ఆవిడకి ఏం చెప్పాలి? తర్వాత ఇండియా తీసుకెళ్తే ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు:

ముందు ఆ ముద్రని పక్కన పెట్టండి. పాత ఇంగ్లిష్ పింగాణీలో అన్నిటికన్నా తేలిగ్గా నకలు చేయగలిగింది ముద్రే. మీరు చూసిన నీలం చతురస్రాన్ని వూస్టర్ అనే ఇంగ్లిష్ ఫ్యాక్టరీ వాళ్ళు 1760ల్లో, 70ల్లో నిజంగానే వాడారు. చైనా ముద్రికల్లా కనిపించాలని వాళ్ళు కల్పించుకున్న గుర్తు అది. పారిస్‌లో 1845లో మొదలైన సాంసన్ సంస్థ పాత పింగాణీకి నకళ్ళు చేయడంలో పేరు మోసింది. వాళ్ళు వూస్టర్ నీలం పొలుసుల సామానుకీ నకళ్ళు చేశారు, ఈ ముద్రతో సహా. ఇప్పుడు ఆ నకళ్ళకే నూట యాభై ఏళ్ళు వచ్చాయి. అరుగుదల, మాసిన బంగారం, పాతదనం అన్నీ వాటికీ ఉన్నాయి.

ఆ మాటకొస్తే 18వ శతాబ్దపు ఇంగ్లిష్ ఫ్యాక్టరీలు తాము మాత్రం ఏం తక్కువ తినలేదు. జర్మనీలోని మైసెన్ వాళ్ళ అడ్డకత్తుల గుర్తుని వూస్టర్, బో, డెర్బీ, లోస్టాఫ్ట్ అన్నీ వాడుకున్నాయి. వూస్టర్ వాళ్ళ నెలవంకని మళ్ళీ లోస్టాఫ్ట్ వాళ్ళు వేసుకున్నారు. అసలు ఏ గుర్తూ లేని మేలైన సామాను బోలెడు ఉంది. అందుకే నేను ఏదైనా చేతిలోకి తీసుకుంటే మొదట మట్టి, తర్వాత కుంచె, ఆ తర్వాత బంగారం చూస్తాను. ముద్ర అన్నిటికన్నా చివర. అది అప్పటికే నాకు అర్థమైనదాన్ని బలపరిస్తే సరే, దానికి విరుద్ధంగా ఉంటే ఆ వస్తువు కిందపెట్టేస్తాను.

మట్టి అని ఎందుకంటున్నానంటే, ఇంగ్లండులో ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో వంటకం. మైసెన్‌లో 1710 నాటికే చైనా పద్ధతి గట్టి పింగాణీ తయారవుతోంది. ఇంగ్లిష్ వాళ్ళకి ఆ రహస్యం చాలాకాలం అందలేదు, దొరికిన వాటితో తంటాలు పడ్డారు. 1745 ప్రాంతంలో మొదలైన చెల్సీ వాళ్ళది దాదాపు గాజు కలిపిన మెత్తటి ముద్ద. లండన్ తూర్పున బో వాళ్ళు ఎముకల బూడిద కలిపారు. 1751లో మొదలైన వూస్టర్ వాళ్ళు బ్రిస్టల్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీని కలుపుకుని, అక్కడివాళ్ళకి తెలిసిన సోప్‌స్టోన్ కిటుకు సంపాదించారు. సోప్‌స్టోన్ అంటే మన బలపాల రాయే. కార్న్‌వాల్ నుంచి తెప్పించేవాళ్ళు. ఆ రాయి వల్ల వూస్టర్ టీపాట్‌లో మరిగే నీళ్ళు పోసినా పగిలేది కాదు. మిగతా చాలామంది టీపాట్లు ఆ వేడికి టప్పున చీలేవి. టీ తాగే పిచ్చి పట్టిన దేశంలో ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. చెల్సీ 1769లో చేతులు మారి, ఆ వెంటనే డెర్బీ వాళ్ళ చేతికి వచ్చి, 1784లో మూతబడింది. వూస్టర్ పేరు మాత్రం 21వ శతాబ్దం దాకా నడిచింది.

ఇది తెలిస్తే మీ కప్పుని పరీక్షించడం సులువు. ఫోన్ టార్చి సాసరు వెనక పెట్టి ముందు నుంచి చూడండి. ఆ కాలపు వూస్టర్ అయితే వెలుతురు చాలావరకు లేత ఆకుపచ్చగా దిగుతుంది. సాంసన్ నకలు ఫ్రెంచ్ గట్టి పింగాణీ కాబట్టి తెల్లగానో బూడిద ఛాయలోనో చల్లగా కనిపిస్తుంది. అంచు ఎక్కడైనా పెచ్చు ఊడి ఉంటే భూతద్దంతో ఆ చోటు చూడండి. వూస్టర్ లాంటి మెత్తటి ముద్ద పెచ్చు గరుగ్గా, పంచదార పలుకులా ఉంటుంది, గట్టి పింగాణీ పెచ్చు గాజు విరిగినట్టు నున్నగా మెరుస్తుంది. చెల్సీలో ఎర్ర లంగరు ముద్ర వేసిన కాలపు పళ్ళేలని, అంటే సుమారు 1752 నుంచి 56 వరకూ చేసినవాటిని, వెలుతురుకి పెడితే అక్కడక్కడ గుండ్రటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. ముద్దలో మిగిలిపోయిన గాలి బుడగలు అవి. సేకరించేవాళ్ళు వాటిని చందమామలు అంటారు. ఆ లంగరు గుర్తు కూడా చిన్నది, బియ్యపుగింజ కన్నా చిన్నది. చేయి చాచినంత దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడే ఎర్ర లంగరు ఉందంటే అనుమానించాల్సిందే.

ఇక కుంచె. మీరు అడిగిన "చేత్తో వేసినది" అన్న మాటకి అసలు అర్థం ఇక్కడే తేలుతుంది. ఆ మాటని అమ్మేవాళ్ళు చాలా ధారాళంగా వాడతారు. చేత్తో మొత్తం వేసినది ఒక రకం. రేఖలు అచ్చు వేసి, లోపల రంగులు మాత్రం చేత్తో నింపినది ఇంకొకటి. 19వ శతాబ్దపు టీ సెట్లలో ఈ రెండో రకమే ఎక్కువ. మూడోది పూర్తిగా అచ్చు, అంచున బంగారపు గీత ఒక్కటే చేత్తో గీసింది. దానికీ "హ్యాండ్ పెయింటెడ్" అని చీటీ తగిలిస్తారు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు. రాగి రేకు మీద చెక్కి కాగితంతో దించిన అచ్చులో నీడలన్నీ సన్నటి సమాంతర గీతలుగా, అడ్డదిడ్డపు జల్లెడగా ఉంటాయి. బ్యాట్ ప్రింట్ అనే ఇంకో రకంలో సన్నటి చుక్కలు ఉంటాయి. 20వ శతాబ్దపు స్టిక్కర్ అచ్చులో చుక్కలు పత్రికలో ఫొటోలాగా ఒక వరసలో కనిపిస్తాయి. చేత్తో వేసిన పూరేకులో ఇవేవీ ఉండవు. కుంచె ఆనిన చోట రంగు చిక్కగా, ఎత్తిన చోట పలచగా ఉంటుంది. అదే పువ్వు కప్పు మీద ఒకలా, సాసరు మీద ఇంకోలా ఉంటుంది. రెండూ అచ్చు గుద్దినట్టు ఉంటే, అచ్చు గుద్దినవే.

మీ నీలం పొలుసుల విషయంలో ఇంకో మెట్టు ఉంది. ఆ నీలం గ్లేజు కింద, అంటే పైన మెరిసే గాజు పూత కింద ఉంటుంది. మొదటి కాల్పు అయ్యాక కోబాల్ట్ నీలంతో ఒక్కో పొలుసూ కుంచెతో వేసి, బొమ్మల కోసం కొంత జాగా తెల్లగా వదిలేసి, గ్లేజులో ముంచి మళ్ళీ కాల్చేవాళ్ళు. ఆ తెల్లటి జాగాల్లో పూలో, పక్షులో రంగులతో వేసి మళ్ళీ బట్టీలో పెట్టేవాళ్ళు. చివర్లో చుట్టూ బంగారపు తీగలు. ఇన్ని చేతులు మారేది ఒక్క కప్పు. అంటే మీ కప్పు మీద పువ్వు వేసిన మనిషి వేరు, పొలుసులు వేసిన మనిషి వేరు. కొన్నిటిలో ఊరే వేరు. లండన్‌లో జేమ్స్ జైల్స్ అనే ఆయన వూస్టర్ నుంచి తెల్ల సామాను తెప్పించుకుని తన సొంత వర్క్‌షాపులో బొమ్మలు వేయించి అమ్మేవాడు. వ్యాపారం దెబ్బతిని 1774లో సరుకు వేలానికి పెట్టాడు. ఇవాళ ఆ వర్క్‌షాపు కుంచెకి గిరాకీ బాగా ఎక్కువ, అందుకే చిన్న పోలిక కనిపించినా "జైల్స్" అని చీటీ రాసేస్తారు.

ఇంకో మోసం సాంసన్ నకలు కన్నా ప్రమాదకరమైనది. కప్పు నిజంగా 1770 నాటిదే, బొమ్మ మాత్రం వంద ఏళ్ళ తర్వాత వేసినది. మామూలు పూలున్న చౌక సామాను తీసుకుని, ఆ రంగు తొలగించి, ఖరీదైన పక్షుల్నో, పసుపు, లేత ఆకుపచ్చ నేపథ్యాల్నో వేసి మళ్ళీ కాల్చేవాళ్ళు. మట్టి పరీక్ష ఇందులో మిమ్మల్ని కాపాడదు. పాత గ్లేజుని మళ్ళీ బట్టీలో పెడితే అడుగున, పాదం (కింద ఆనే గుండ్రటి గట్టు) చుట్టూ నల్లటి మచ్చలు, చిన్న పొక్కులు వస్తాయి. కొత్త రంగు కింద పాత పువ్వు ఆనవాలు వాలు వెలుతురులో కనిపించడమూ ఉంది. పాత రంగుల చుట్టూ, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలాల చుట్టూ, గ్లేజు మీద సన్నటి ఇంద్రధనుస్సు మెరుపు ఉంటుంది. సాసరుని కిటికీ దగ్గర వాల్చి చూస్తే కనపడుతుంది. అది ఉంటే నాకు కొంత ధైర్యం. లేకపోతే మాత్రం వెంటనే కొట్టిపారేయను.

బంగారం గురించి తక్కువలో చెప్తాను. సుమారు 1790 దాకా తేనెతో నూరిన బంగారం వాడారు. అది మందంగా, మెత్తగా, కొంచెం మసకగా ఉంటుంది. తర్వాత పాదరసంతో చేసే పద్ధతి వచ్చింది. అది పలచన, ఇత్తడిలా మెరుస్తుంది. 1770 అని చెప్పిన కప్పు మీద ధగధగలాడే పలచటి బంగారం ఉంటే, తేదీ గురించి అమ్మేవాణ్ణి రెండోసారి అడగండి.

ఇప్పటి వరకూ చెప్పినదాన్ని బట్టి మీ కప్పు గురించి నా మాట: నిజమైన వూస్టర్ అయి, పగులు లేకుండా ఉంటే 180 పౌండ్లు అడగరాని ధర కాదు. నకలు అయితే ఆ ధర బాగా ఎక్కువ. మళ్ళీ కనిపిస్తే టార్చి వేసి చూపమని నిర్మొహమాటంగా అడగండి. మర్యాదస్తుడైన వ్యాపారి తనే తీసి చూపిస్తాడు. మంచి వ్యాపారి బిల్లు మీద ఫ్యాక్టరీ పేరు, సుమారు సంవత్సరం, మరమ్మతులు ఉన్నదీ లేనిదీ రాసి ఇస్తాడు. రాయనంటే కొనకండి.

పగులు చూడటం మనవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. సంతలో కుండని వేలితో కొట్టి చూసినట్టే పళ్ళేన్ని వేళ్ళ కొసల మీద నిలిపి గోటితో మీటండి. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుగా పలికితే ఎక్కడో చీలిక ఉన్నట్టు. టీపాట్‌కి ఇది అంతగా పనికిరాదు. మరమ్మతు చేసిన చోటు పంటికి ఆనిస్తే మెత్తగా, గోరువెచ్చగా తెలుస్తుంది. పింగాణీ చల్లగా, గట్టిగా ఉంటుంది. ఫెయిర్‌లో పంటికి ఆనిస్తుంటే చుట్టూ జనం చూస్తారు, చూడనివ్వండి. అల్ట్రావయొలెట్ టార్చి ఉంటే మరమ్మతు మీద వేసిన పూతరంగు చాలాసార్లు వేరే మెరుపుతో బయటపడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. పూర్తి సెట్ల జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. నలభై ముక్కల టీ సెట్టు కొంటే ముప్పై ఎనిమిది ఒకేలా ఉంటాయి, నేర్చుకునేది రెండు ముక్కల నుంచే. పైగా పెట్టుకునే చోటు ఉండదు. దాని బదులు ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో సాసరు కొనండి, పగిలినదైనా సరే. వెంట్రుకవాసి పగులున్న 18వ శతాబ్దపు సాసరు మంచిదాని ధరలో చిన్న వాటాకే దొరుకుతుంది. మట్టి, కుంచె, బంగారం అన్నీ అందులో నిజమైనవే కదా. చూపు కుదిరాక పగుళ్ళున్నవి కొనడం మానేయొచ్చు. మామూలు రకం పాత ఇంగ్లిష్ పింగాణీ ధరలు 1990ల నాటి కన్నా బాగా పడిపోయాయి. మీ వయసువాళ్ళకి ఇది మంచి కాలం, అప్పట్లో కొన్న నాలాంటివాళ్ళకి కాదు. లాభం కోసం మాత్రం కొనకండి.

పుస్తకాల కన్నా మంచి బడి వేలంపాట ముందు రోజు ప్రదర్శన. ఇంగ్లండు వేలం సంస్థల్లో చిన్నా పెద్దా అన్నిచోట్లా కొనకపోయినా వెళ్ళి, అడిగి, వస్తువుని చేతిలోకి తీసుకుని చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మ్యూజియంలో అద్దం అడ్డం ఉంటుంది. అయినా వూస్టర్‌లోని రాయల్ వూస్టర్ మ్యూజియం, డెర్బీ మ్యూజియం, లండన్‌లో వి అండ్ ఎ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం) పై అంతస్తు గ్యాలరీలు తప్పకుండా చూడండి. కుంచె పనితనం అద్దం వెనక నుంచైనా తెలుస్తుంది. సెలవులకి హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదుల్లో ఇంగ్లిష్ సామాను ముందు కాసేపు నిలబడండి. చిన్నప్పుడు అందరం గడియారం దగ్గరికే పరిగెత్తి ఈ గదులు దాటేశాం. వేలంలో పాడేటప్పుడు ఒక్క హెచ్చరిక: సుత్తి పడిన ధర మీద కమిషన్, దాని మీద పన్ను కలిపితే బిల్లు పావువంతు పైనే పెరుగుతుంది. మీ గరిష్ఠ ధర అది లెక్కేసుకుని పెట్టుకోండి.

ఏ దారిలో వెళ్ళాలో నేను చెప్పను కానీ, నా మనసు మాత్రం డెర్బీ పూల మీద ఉంది. విలియం బిలింగ్స్లీ అని అక్కడ పని నేర్చుకున్న చిత్రకారుడు గులాబీ వేసే తీరే మార్చేశాడు. అంతకు ముందు వెలుగు పడే చోట తెల్లగా వదిలి చుట్టూ రంగు వేసేవాళ్ళు. ఆయన రేకంతా నిండుగా రంగు వేసి, ఆరకముందే దాదాపు పొడిగా ఉన్న కుంచెతో వెలుగు పడే చోట తుడిచేసేవాడు. రేకు మెత్తదనం అందులోంచి వచ్చింది. 1796లో డెర్బీ వదిలి పింక్స్టన్ వెళ్ళాడు, తర్వాత ఇంకొన్ని ఊళ్ళు, 1808లో వూస్టర్, 1813లో వేల్స్‌లోని నాంట్‌గారూ, ఆఖరున కోల్‌పోర్ట్. ప్రపంచంలో అన్నిటికన్నా తెల్లటి పింగాణీ చేయాలన్న తపనతో నాంట్‌గారూలో బట్టీ పెట్టాడు. సామాను అద్భుతంగా వచ్చింది, కాకపోతే చాలావరకు బట్టీలోనే వంకరపోయింది, డబ్బు ఆవిరైంది. 1828లో పోయాడు. ఆయన తిరిగిన ప్రతి చోటా ఆ తుడిచే గులాబీని వేరేవాళ్ళు నేర్చుకున్నారు. కాబట్టి తుడిచిన గులాబీ కనిపించగానే "బిలింగ్స్లీ" అని ధర పెంచితే ఒప్పుకోవద్దు. డెర్బీలో చిత్రకారులకి అంకెలు ఇచ్చారు, ఆయనది 7. ఆ కాలపు పళ్ళెం అడుగున పాదం దగ్గర 7 ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడొచ్చు.

సంతకం ఉన్నవి కావాలంటే 20వ శతాబ్దం మొదటి రోజుల రాయల్ వూస్టర్ వైపు చూడండి. అంతకు ముందు ఫ్యాక్టరీలు మామూలుగా చిత్రకారుల్ని సంతకం చేయనిచ్చేవి కావు. 1900 తర్వాత జాన్ స్టింటన్ వేసిన కొండప్రాంతపు పశువులు, జేమ్స్ స్టింటన్ పక్షులు, రిచర్డ్ సీబ్రైట్ పళ్ళు, హ్యారీ డేవిస్ గొర్రెలు, ప్రకృతి దృశ్యాలు సంతకాలతో దొరుకుతాయి. ధరలు గట్టివే. వీటికి తేదీ కట్టడం చాలా హాయి. 1891లో ముద్రలో "రాయల్ వూస్టర్ ఇంగ్లండ్" అని చేర్చారు, 1892 నుంచి కిరీటం పక్కన ఏడాదికొక చుక్క పెంచుతూ పోయారు. 13 చుక్కలుంటే 1904. 1915 నాటికి 24 చుక్కలయ్యాయి, 1916లో విసుగు పుట్టినట్టుంది, నక్షత్రం పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఒక జాగ్రత్త: పళ్ళ బొమ్మలున్న తర్వాతి కాలపు సామానులో బొమ్మతో పాటు సంతకం కూడా అచ్చే వేసినవి చాలా ఉన్నాయి. భూతద్దం కింద సంతకం చుక్కలుగా విడిపోతే అది అచ్చు.

ముద్రల్లో ఇంకొన్ని గుర్తుపెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. "ఇంగ్లండ్" అన్న మాట ముద్రలో ఉంటే సాధారణంగా 1891 తర్వాతది, అమెరికా దిగుమతి చట్టం వల్ల వచ్చింది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" ఉంటే 20వ శతాబ్దం. "బోన్ చైనా" అని రాసి ఉన్నా అంతే. వజ్రం ఆకారపు రిజిస్ట్రేషన్ గుర్తు 1842 నుంచి 1883 వరకు. అది డిజైన్ నమోదైన తేదీ చెబుతుంది, ఆ కప్పు తయారైన తేదీ కాదు.

అమ్మగారి విషయం. ఆవిడ అభ్యంతరం సరైనదే. 1800 ప్రాంతంలో స్పోడ్ ఫ్యాక్టరీ వాళ్ళు స్థిరపరిచిన బోన్ చైనాలో సగం కాల్చిన పశువుల ఎముకల బూడిదే. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ పింగాణీలో ఎక్కువ భాగం అదే, మింటన్, కోల్‌పోర్ట్‌తో సహా. అంతకు ముందు బో, లోస్టాఫ్ట్‌లలోనూ ఎముక ఉంది. అది వద్దనుకుంటే తొలినాటి వూస్టర్, కాఫ్లీ సోప్‌స్టోన్ సామాను, ప్లిమత్, బ్రిస్టల్ గట్టి పింగాణీ, న్యూ హాల్ తొలి సామాను ఉన్నాయి. మీరు చూసిన కప్పు నిజమైన వూస్టర్ అయితే అందులో ఎముక లేదు. న్యూ హాల్ చిన్న పూల కప్పులు ఇప్పటికీ అందుబాటు ధరలో ఉన్నాయి, ఆవిడ మనసు కష్టపెట్టకుండా మొదలుపెట్టడానికి అవి చాలు.

తినొచ్చా అంటే, నేను తినను. పాత గ్లేజులో, పై రంగుల్లో సీసం ఉంటుంది, పులుపు తగిలితే అది వదులుతుంది. మన భోజనంలో చింతపండు, నిమ్మకాయ, పెరుగు, ఊరగాయ లేనిది ఏముంది? పైగా గ్లేజులో సన్నటి నెర్రెలుంటే పసుపు లోపలికి దిగి ఇక రాదు. చూసుకోవడానికే ఉంచండి. డిష్‌వాషర్, మైక్రోవేవ్ రెండూ నిషేధం. గోరువెచ్చటి నీళ్ళు, ప్లాస్టిక్ టబ్బు, ఒక్కసారికి ఒక్క ముక్క. మరమ్మతు చేసినవి నానబెట్టకూడదు. టీపాట్‌ని పిడి పట్టి ఎత్తకండి, పాత పిడి ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. రెండు చేతులతో పొట్ట పట్టుకోండి. కప్పుల్ని ఒకదాంట్లో ఒకటి పేర్చవద్దు, పళ్ళేల మధ్య మెత్తటి కాగితం పెట్టండి. గోడకి తగిలించడానికి స్ప్రింగు కొక్కేలు వాడితే అంచులు పెచ్చులూడతాయి.

ఇండియా సంగతి ముందే ఆలోచించుకోవడం మంచిది. తీసుకెళ్ళేటప్పుడు తేదీ, ధర ఉన్న బిల్లు దగ్గర ఉంచుకోండి, కస్టమ్స్ వాళ్ళు అడిగితే పనికొస్తుంది. అసలు చిక్కు తిరిగి తెచ్చేటప్పుడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వంద ఏళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. ఆ నిర్వచనంలో భారతదేశంలోనే తయారై ఉండాలన్న షరతు లేదు. 1770 నాటి వూస్టర్ కప్పుని విజయవాడలో షోకేసులో పెట్టాక, మళ్ళీ ఇంగ్లండులో అమ్ముదామనుకుంటే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఎక్కడ స్థిరపడతారో తేలేదాకా మంచివి ఇక్కడే ఉంచుకోండి. అక్కడికి పట్టుకెళ్ళేవి మళ్ళీ అమ్మాలన్న ఆలోచన లేనివే అయి ఉండాలి.